"యెస్ ఎల్.ఏ." రికార్డు "రెండు వైపులా సూపర్" అని అమ్ముతున్నాయన దగ్గర కొనకండి

పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. దసరాకి పంక్ రాక్ రికార్డుల లాట్ అమ్మకానికి పెట్టి "అర్జెంటుగా తీసేస్తున్నా, రేటు తగ్గదు" అన్న పెద్దమనిషే. ఆయన దగ్గర 18 వేలకి తీసుకున్న "యెస్ ఎల్.ఏ." ఈ పొద్దున చేతికొచ్చింది. ప్రకటనలో రాసింది ఉన్నదున్నట్టు చెబుతున్నా: "1979 ఒరిజినల్. నియర్ మింట్. రెండు వైపులా ప్లే చేసి చూశా, సూపర్." (నియర్ మింట్ అంటే దాదాపు కొత్తదే అని.)

రెండు వైపులా!

తెలియనివాళ్లకి గబగబా చెప్తా. 1978లో ఇంగ్లండ్ సంగీతకారుడు బ్రయన్ ఈనో నిర్మాతగా "నో న్యూయార్క్" అనే సంకలనం వచ్చింది. దాన్ని వెక్కిరిస్తూ లాస్ ఏంజెలస్‌లో డేంజర్‌హౌస్ అనే రికార్డు కంపెనీ వాళ్లు మరుసటేడు వేసిన సంకలనం ఇది, నంబరు ఈడబ్ల్యూ-79. "బ్రయన్ ఈనో నిర్మించలేదు" అని రికార్డు మీదే అచ్చేసి మరీ వదిలారు. బ్యాగ్స్, ఐస్, అలీ క్యాట్స్, బ్లాక్ రాండీ, ఎక్స్, జర్మ్స్... ఆరు బ్యాండ్లు, తలా ఒక పాట. ఎక్స్ వాళ్ల "లాస్ ఏంజెలస్" ఇందులో ఉన్నది 1980 ఆల్బమ్‌లోది కాదు, అంతకుముందుది. ఆ ఆరు పాటలూ ఒకే వైపు ఉంటాయి. రికార్డు పారదర్శకమైన ప్లాస్టిక్, దానికి ఒక వైపే గాళ్లు (సూది నడిచే సన్నటి చాళ్లు), రెండో వైపు నున్నగా ఉంటుంది, దాని మీద సిల్క్ స్క్రీన్ అచ్చు (జల్లెడలాంటి గుడ్డలోంచి ఇంకు దింపి వేసేది). రెండో వైపు పాట లేదు. 1979లోనూ లేదు.

మరి ఈ మహానుభావుడు ఏం విన్నట్టు?

ఏం విన్నాడో గానీ సూది మాత్రం పెట్టాడు. అచ్చు వైపు బయటి అంచు దగ్గర మొదలై, చుట్టు తిరుగుతూ మధ్యలోకి పోయిన సన్నటి గీత ఒకటుంది, సరిగ్గా అక్షరాల మీదుగా. కవర్లో పెట్టి తీస్తే పడే గీతలు ఇలా ఉండవు, అవి పొట్టిగా, తిన్నగా, గుంపుగా ఉంటాయి. గాడి లేని చోట సూదిని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. ప్లేటు తిరుగుతుంటే సూదిని మోసే ఆర్మ్ దానంతటదే లోపలికి జారిపోతుంది, దారిలో ఉన్న ఇంకుని చెక్కుకుంటూ పోతుంది. సూదికీ మంచిది కాదు, అది ఆయన ఖర్మ.

అంతటితో ఆగినా బాగుండేది. గీత కనబడకూడదని స్పిరిట్ పెట్టి తుడిచినట్టున్నాడు, దాని చుట్టూ రంగు అలుక్కుపోయి మసకగా ఉంది. సిల్క్ స్క్రీన్ ఇంకుకి ఐసోప్రొపైల్ స్పిరిట్ తగిలితే అంతే సంగతులు. పైగా బిగుతుగా ఉండే పీవీసీ కవర్లో కుక్కాడు. ఆ కవర్లోంచి ఊరే నూనె ఇంకుని మెత్తబరిచి తనకే అంటించుకుంటుంది. నెమ్మదిగా లాగినా ఈనో పేరులో సగం కవరుతోపాటే ఊడొచ్చింది. ఇదీ మన నియర్ మింట్.

ఫోన్ చేసి "రెండో వైపు పాటే ఉండదు కదండీ, మీరు ప్లే చేసి చూశానన్నారు" అని అడిగితే ఆయన జవాబు: "నాకు వచ్చింది. మీకు రాకపోతే సూది మార్చుకోండి."

సూది మార్చుకోవాలట! లేని పాట వినడానికి! ఎంత ధీమాగా అన్నాడంటే, ఒక్క క్షణం నిజంగానే సూది వైపు చూశాను. ఫొటోలు పంపితే "పాత సరుకు పాతగానే ఉంటుంది బాబూ, మెరుపులు కావాలంటే కొత్తది కొనుక్కో" అని బ్లాక్ చేశాడు. అప్పటిదాకా మీరు, అండీ. డబ్బు చేరాక బాబూ, కొనుక్కో.

ప్రకటనలో ఫొటోలు బానే ఉన్నాయి అంటారేమో. ఉంటాయి, తెల్ల దుప్పటి మీద పరిచి తీశాడుగా. పారదర్శకంగా ఉన్న రికార్డుని తెల్లటి దాని మీద పెడితే ఏ గీతా కనబడదు. నల్ల గుడ్డ మీద పెట్టించి, పక్క నుంచి ఏటవాలుగా టార్చ్ వేయించి, రెండు వైపులా వేరువేరుగా ఫొటోలు అడగండి. అచ్చు వైపు గీత గాళ్ల వైపు నుంచి చూసినా కనిపిస్తుంది, ఏ వైపుదో తేల్చాలంటే రికార్డుని వంచుతూ వీడియో తీయించాలి. వెలుతురు తగిలినప్పుడు తళుక్కుమనేది పైనున్న గీత, మసకగానే ఉండిపోయేది అవతలిది.

ఒరిజినలా కాదా అన్నది ఇంకో తలనొప్పి. దీన్ని ఫ్రాంటియర్ అనే రికార్డు కంపెనీ వాళ్లు మళ్లీ వేశారు, అది కూడా ఒక వైపే. కాబట్టి "ఒక వైపే ఉంది, అచ్చు ఉంది" అన్నంత మాత్రాన 1979ది అయిపోదు. పాటలయ్యాక మధ్యలో గాళ్లు లేని చోట చెక్కిన గుర్తులు దగ్గరగా ఫొటో తీసి పంపమని, రికార్డుల వివరాలుండే సైట్ డిస్కాగ్స్‌లో ఉన్నవాటితో పోల్చుకోండి. ఆ ఫొటో అడిగితే ఈయన "అన్నీ ఒకటే" అన్నాడు.

ఇంకోటి, యూపీఐలో ముందే మొత్తం కొట్టకండి. పార్సిల్ విప్పేటప్పుడు సీలు కనబడేలా ఒకే టేకులో వీడియో తీయండి. ఇప్పటికే దీన్ని కొన్నవాళ్లుంటే పీవీసీ కవర్లోంచి తీసి పాలీప్రొపైలీన్‌లోకి మార్చండి, అచ్చు వైపు తడి గుడ్డ కూడా పెట్టొద్దు.