జనవరిలో లేహ్: ఎక్కడ ఉన్నాం, ఏం వేసుకున్నాం

చలికాలం లేహ్ వెళ్ళేవాళ్ళు అందరూ జాకెట్ గురించే అడుగుతారు గానీ నా మటుకు జాకెట్ కన్నా ఒంటికి ఆనుకుని ఉండే పొరే ముఖ్యం. దిగగానే 3,500 మీటర్ల ఎత్తు, కాబట్టి మొదటి రెండ్రోజులు రెస్ట్ తప్పదు. ఆ తర్వాత శాంతి స్తూపం మెట్లెక్కాం. ఎండలో ఎక్కుతుంటే చెమట పడుతుంది, పైన గాలి కొట్టగానే ఆ తడే చలి పుట్టిస్తుంది. అందుకే లోపల కాటన్ బనియన్ అసలు వద్దు, ఉన్ని థర్మల్ గానీ పాలిస్టర్‌ది గానీ వేసుకోండి, దాని మీద ఫ్లీస్ (మెత్తటి బొచ్చు బట్టతో కుట్టిన స్వెటర్ లాంటిది), ఆపైన గాలి దూరని జాకెట్. ఎక్కడం మొదలెట్టేముందే జిప్ తీసేయాలి, చెమట పట్టాక తీస్తే లాభం లేదు.

ముందు హోమ్‌స్టేలో దిగాం. వంటగదిలో బుఖారీ, అంటే గదిని వేడిచేసే పొయ్యి, వెలుగుతుంటే థర్మల్, ఫ్లీస్ చాలు, ఆమాలే (ఇంటావిడని అక్కడ అలా పిలుస్తారు, అమ్మ అని) టీ పోస్తూనే ఉంటుంది, లేవబుద్ధి కాదు. పడకగదిలో మాత్రం వేడి లేదు, పైపులు గడ్డకడతాయి కాబట్టి నీళ్ళు బకెట్‌తోనే. రాత్రికి పొడి థర్మల్ మార్చుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, దుప్పట్లో హాట్ వాటర్ బ్యాగ్ పెట్టుకుంటే నిద్ర బాగా పట్టింది. మీ గదిలో బుఖారీ ఉంటే పడుకునేముందు ఆర్పించేయండి ప్లీజ్, తలుపులు మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. తర్వాత హీటింగ్ ఉన్న హోటల్‌కి మారాం, గది హాయిగా ఉంది గానీ గొంతు బాగా ఎండిపోయింది, రేటూ ఎక్కువే. పెద్దవాళ్ళు తోడుంటే మాత్రం హోటలే తీసుకోండి.

పాంగాంగ్ సరస్సుకి టాక్సీలో వెళ్ళాం, డ్రైవర్ భయ్యా చాలా మంచివాడు, దిగేముందు కార్లోనే జాకెట్ వేసుకోమని ప్రతిసారీ గుర్తు చేసేవాడు, అది నిజంగా పనికొచ్చింది, ఎందుకంటే సరస్సు 4,200 మీటర్ల పైన ఉంటుంది, మొత్తం గడ్డకట్టి ఉంది, గాలికి అడ్డమేం లేదు. ఫోటోలకి పల్చటి గ్లౌజులు, వాటి మీద వేళ్ళన్నీ కలిసుండే మిట్టెన్లు వేసుకుంటే చేతులు వెచ్చగా ఉంటాయి. ఫోన్ లోపలి జేబులో పెట్టండి, బయటుంటే చార్జింగ్ గబగబా పడిపోతుంది.

బూట్లు ఒక సైజు పెద్దవి కొనండి. బిగుతు బూట్లలో రెండు జతల సాక్సులు కుక్కితే మధ్యలో గాలి నిలవదు, రక్తం ఆడదు, కాళ్ళు ఇంకా చల్లబడతాయి. బజార్లో జాకెట్లు అద్దెకిస్తారు, ఒక షాపులో ఇచ్చిన దానికి జిప్ సగంలో ఆగిపోయేది, వెనక్కిస్తే మార్చడానికి బాగా సతాయించారు. పక్క షాపులో మంచిది దొరికింది. జాకెట్ అద్దెకి తీసుకోవచ్చు, థర్మల్స్, సాక్సులు మాత్రం ఇంటి దగ్గరే కొని ఒకరోజు వేసుకుని చూసి తీసుకెళ్ళండి.