కాపిటల్ రీఫ్: దాటేసి పోకండి

అమెరికాలో యూటా రాష్ట్రం వెళ్లే మనవాళ్ల ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది: జయాన్, బ్రైస్ పార్కులు, అక్కణ్ణుంచి తిన్నగా మోయాబ్ ఊరు. మధ్యలో కాపిటల్ రీఫ్ నేషనల్ పార్కు దగ్గర రెండు ఫోటోలు, రెస్ట్‌రూమ్, అంతే. అక్కడి ఐదు నేషనల్ పార్కుల్లో మళ్లీ దేనికెళ్దామంటే నా ఓటు మాత్రం దీనికే.

ఇక్కడ చూడాల్సింది వాటర్‌పాకెట్ ఫోల్డ్. దాదాపు 100 మైళ్ల పొడవునా రాతి పొరలు చాప మడతపడ్డట్టు ఒరిగిపోయి ఉంటాయి. 5 నుంచి 7 కోట్ల ఏళ్ల కిందట పడమటి వైపు నేల 7,000 అడుగులకు పైగా లేచింది. సీనిక్ డ్రైవ్ అనే పార్కు రోడ్డులో కారు దిగకుండానే ఈ రాతి పొరల వరస తెలిసిపోతుంది: అడుగున చాక్లెట్ రంగు మొయెన్‌కోపి, దాని మీద బూడిద, ఊదా కలిసిన చిన్లే, ఆపైన నిట్టనిలువుగా ఎర్రటి వింగేట్. ఇంకా పైన తెల్లటి నవాహో గుమ్మటాలు. అవి ఒకప్పటి ఎడారి ఇసుక దిబ్బలే. ఎర్ర నేల మీద అక్కడక్కడా నల్లటి గుండ్రాళ్లు కనిపిస్తాయి. అవి ఇక్కడి రాయి కాదు. పక్క కొండల మీది లావా రాయి, బురద ప్రవాహాల్లో దొర్లుకుంటూ వచ్చింది.

కాపిటల్ గోర్జ్ తప్పకుండా నడవండి. 1962 దాకా రోడ్డు ఈ ఇరుకు సందులోంచే పోయేది. అప్పటి ప్రయాణికులు గోడ మీద చెక్కిన పేర్లు ఇంకా చదవొచ్చు (మీరు మాత్రం చెక్కకండి, నేరం). ఎక్కడో కురిసిన వానకి ఇక్కడ వరద వచ్చేస్తుంది, కాబట్టి ముందు విజిటర్ సెంటర్లో అడిగే బయల్దేరండి.

పార్కు లోపల హోటళ్లు లేవు. ఫ్రూటా క్యాంప్‌గ్రౌండ్ పండ్ల తోటల పక్కనే, చెట్ల నీడలో ఉంటుంది. దొరికితే వదలొద్దు. మాకు దొరక్క, 11 మైళ్ల దూరంలోని టోరీలో ఒక మోటెల్లో దిగాం. గది శుభ్రమే గానీ వైఫై పేరుకే. శాకాహారులకి ఊళ్లో పెద్దగా ఏమీ దొరకలేదు. రైస్ కుక్కర్, పచ్చడి సీసా ఉండబట్టి బతికిపోయాం.

ఒకప్పుడు ఇక్కడ స్థిరపడ్డ మోర్మన్లు (ఒక క్రైస్తవ శాఖ వాళ్లు) వేసిన ఆ తోటలు ఇప్పటికీ కాస్తున్నాయి. కోతకి తెరిచిన తోటలో చెట్టు కింద తిన్నంత ఉచితం, ఇంటికి తీసుకెళ్తేనే డబ్బులు. పార్కులోని గిఫర్డ్ హౌస్ అనే పాత ఇంట్లో అమ్మే పండ్ల పై (pie) మాత్రం పొద్దున్నే కొనేయండి.

పార్కులో పెట్రోల్ లేదు, సిగ్నల్ దాదాపు సున్నా. కెథీడ్రల్ వ్యాలీ లూప్ అనే మట్టి రోడ్డులో ఏరు దాటాలి, అద్దె సెడాన్‌తో ఆ ఆశ పెట్టుకోకండి.