గాడ్‌స్పీడ్ ఎల్పీ కోసం ఆ సెల్లర్ దగ్గరికి వెళ్లకండి

హైదరాబాద్‌లో వినైల్ రికార్డులు కొనేవాళ్లకి ఈ మనిషి ఎవరో తెలుసు, పేరు రాయట్లేదు. కెనడా బ్యాండ్ గాడ్‌స్పీడ్ యూ! బ్లాక్ ఎంపరర్ మొదటి ఎల్పీ, 1997 ఒరిజినల్ ప్రెస్సింగ్, అంటే మొదటిసారి అచ్చు వేసిన కాపీ అన్నాడు. డబ్బంతా ముందే యూపీఐలో వేయించుకున్నాడు. నిన్న నకిలీ వచ్చింది.

మాంట్రియల్‌లో ఆ మొదటి కాపీల అట్టలు చేత్తో చేశారు. అట్ట మీద నిజమైన ఫొటో అతికించి ఉంటుంది. లోపల కవర్లో రైలు చక్రాల కింద నలిగిన పెన్నీ నాణెం ఉంటుంది. రెండో వైపు చివర గాడి గుండ్రంగా తిరిగి తనలోనే కలిసిపోయి, మనం ముల్లు ఎత్తేదాకా అదే సంగీతం తిరుగుతూనే ఉంటుంది. నాకు వచ్చినదాంట్లో ఫొటో అట్ట మీదే ప్రింటు. నాణెం లేదు. చివర్లో ముల్లు లేబుల్ దాకా జారి ఖాళీగా టిక్కుటిక్కుమంటోంది.

వీటన్నిటికన్నా ఘోరం సౌండు. మొదట ఒక మగ గొంతు నెమ్మదిగా మాట్లాడుతుంది, వెనక సన్నగా తీగల మోత. అక్కణ్ణుంచి గిటార్లు, వయొలిన్, సెల్లో, డ్రమ్స్ చేరుతూ చేరుతూ గది అదిరిపోయేదాకా వెళ్లాలి. మెల్లగా ఉన్నచోట చెవులు రిక్కించి విన్నాం కాబట్టే ఆ హోరు వచ్చినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. ఇందులో రెండూ ఒకే వాల్యూంలో మోగుతున్నాయి. ఏదో ఎంపీ3 ఫైలు నుంచి దించేసినట్టుంది.

ఫోన్ చేశాను. "పాట వస్తోందిగా బ్రదర్? ఎలాగూ అందులో సగం సేపు ఏమీ వినపడదు, దానికింత గొడవెందుకు?" అన్నాడు. నాణెం ఏదని అడిగితే, "చిల్లర కావాలంటే షాపుకొచ్చి తీసుకెళ్లు" అని నవ్వాడు. పక్కన ఇంకెవరో కూడా నవ్వారు. డబ్బు వెనక్కివ్వమనగానే కట్ చేసి, నంబరు బ్లాక్ చేశాడు.

డబ్బు పోయినదానికన్నా ఆ "ఏమీ వినపడదు" అన్న మాటే రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. ఆ వినపడీ వినపడని చోటు కోసమే కదా మనం ఈ రికార్డులు కొనేది! అది అక్కర్లేని మనిషి, దాని పేరు చెప్పి మన దగ్గర వేలు లాగుతున్నాడు.

ఎవరి దగ్గర కొన్నా డబ్బు వేసేముందు నాణెం, అతికించిన ఫొటో దగ్గరగా తీసి పంపమనండి. రెండో వైపు చివర ముల్లు తిరుగుతున్న వీడియో అడగండి, సౌండుతో సహా. సాకులు చెబితే వదిలేయండి. ఆ ఎల్పీ విడుదల చేసిన కంపెనీ కాన్‌స్టెలేషన్ వాళ్ల కొత్త ప్రెస్సింగ్ దొరుకుతుంది, అది కొనుక్కోండి.