ద్వారకానగర్ ఈవెనింగ్ బ్యాచ్: ఒక్క ‘ఛార్జ్’ క్లాసుకే ఫీజు గిట్టింది

విశాఖ ద్వారకానగర్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డు లేని వీధి దొరకడం కష్టం. అందులో పౌర గ్రంథాలయం వైపు, ఒక జెరాక్స్ షాపు పైన రెండో అంతస్తులో నడిచే సాయంత్రం బ్యాచ్ గురించి ఈ రివ్యూ. కింద నాలుగు చివాట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయట్లేదు. ఆ జెరాక్స్ షాపులో అడిగితే మెట్లు చూపిస్తారు.

నేను పోర్టు దగ్గర కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో డాక్యుమెంటేషన్ చూస్తాను. రోజంతా బిల్ ఆఫ్ ఎంట్రీలు (దిగుమతి కాగితాలు), షిప్పింగ్ బిల్లులు (ఎగుమతి కాగితాలు), షిప్పింగ్ లైన్ల వాళ్లతో మెయిళ్లు. పని నడిచే ఇంగ్లిష్ వచ్చు. కానీ ఏళ్ల తరబడి అవే వాక్యాలు తిప్పితిప్పి వాడి విసుగొచ్చి చేరాను. బ్యాచ్‌లో ఎక్కువమంది బీటెక్ పిల్లలే. ఉద్యోగాల నుంచి వచ్చేవాళ్లం వెనక బెంచీల్లో కూర్చుంటాం.

ఇక్కడి పద్ధతి ఏమిటంటే, సాయంత్రానికి ఒక్క మాట. మాస్టారు దాన్ని బోర్డు మీద రాసి, ఎక్కడెక్కడ విన్నారో చెప్పమంటారు. ‘ఛార్జ్’ రాసిన రోజు బోర్డు చాల్లేదు. ఫోన్ ఛార్జింగ్, బస్సు ఛార్జీ, లాఠీఛార్జి, ఛార్జిషీటు, ఇన్‌ఛార్జి మంత్రి, ఫ్రీ ఆఫ్ ఛార్జ్... మన తెలుగు పేపరు ఒక్కరోజుది తిరగేస్తే ఇవన్నీ దొరుకుతాయి. నేను లేచి మా ఆఫీసు మాట చెప్పాను: అవుట్ ఆఫ్ ఛార్జ్. దిగుమతి సరుకు మీద సుంకం కట్టి, అవసరమైన తనిఖీ అయ్యాక, కస్టమ్స్ చట్టం 1962లోని సెక్షన్ 47 కింద బయటకు తీసుకెళ్లొచ్చని ఇచ్చే ఆర్డరు అది. “ఓఓసీ వచ్చిందా?” అన్నది మా దగ్గర పలకరింపు లాంటిది. మొన్నమొన్న చేరిన కుర్రాడు దాన్ని ‘ఇక ఛార్జీలేమీ లేవు’ అనుకుని సరుకు తెప్పించుకున్న పార్టీకి అలాగే చెప్పేశాడు. వాళ్లు పోర్టు టెర్మినల్ వేసిన బిల్లు చూసి ఫోన్ చేస్తే ఆఫీసంతా నవ్వు.

మాస్టారు దాన్ని పట్టుకున్నారు. ఆ ఛార్జ్ డబ్బు కాదు, అధీనం. సరుకు కస్టమ్స్ అధీనంలోంచి బయటపడిందని అర్థం. అక్కడి నుంచి వెనక్కి, లాటిన్‌లోకి తీసుకెళ్లారు. ‘కర్రస్’ అంటే బండి. బండి మీద బరువు ఎక్కించడం నుంచి పుట్టింది ఛార్జ్. స్పానిష్ మీదుగా వచ్చిన ‘కార్గో’ కూడా ఆ ఇంటిదే. రోజూ కార్గో అంటూ, ఛార్జీలు అంటూ బతికే నాకు ఆ రెండూ చుట్టాలని అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత ఆయన బోర్డు మీద తెలుగులో ఒకే క్రియ రాశారు: మోపడం. పన్ను మోపారు, నేరం మోపారు, బాధ్యత మోపారు. మూడింటికీ ఇంగ్లిష్‌లో ఛార్జ్ సరిపోతుంది. హోటల్లో ‘ఛార్జ్ ఇట్ టు మై రూమ్’ అంటే ఆ ఖర్చును గది ఖాతా మీద మోపమనే. బరువు ఎక్కితే ఛార్జ్, దిగితే డిశ్చార్జ్. కేజీహెచ్ ఆసుపత్రి నుంచి పేషెంటు డిశ్చార్జ్, కోర్టు కేసు నుంచి నిందితుడి డిశ్చార్జ్, మా కాగితాల్లో ‘పోర్ట్ ఆఫ్ డిశ్చార్జ్’ అన్నీ దించడాలే. అర్థాల పట్టిక బట్టీ పట్టించి ఉంటే వారానికి మర్చిపోయేవాణ్ని.

మెయిళ్లలో పనికొచ్చింది మాత్రం చిన్న మాటల తేడా. ‘ఛార్జ్‌డ్ ఫర్’ అంటే దేనికో డబ్బు వసూలు చేశారని, ‘ఛార్జ్‌డ్ విత్’ అంటే నేరం మోపారనో బాధ్యత అప్పగించారనో. డెమరేజ్ (సరుకు గడువులోగా తీసుకెళ్లకపోతే పడే ఛార్జీ) పడిందని రాయబోయి ‘విత్’ పెడితే చదివేవాడు పోలీసు కేసేమో అని కంగారు పడతాడు. ఇంకోటి ‘ఇన్ ఛార్జ్ ఆఫ్’. మధ్యలో ఒక్క ‘ది’ పడితే బాసు మారిపోతాడు. నర్సు పిల్లలకు ‘ఇన్ ఛార్జ్ ఆఫ్’, పిల్లలు నర్సుకు ‘ఇన్ ది ఛార్జ్ ఆఫ్’. శ్రీకాకుళం కుర్రాడొకడు ‘ద గోడౌన్ ఈజ్ ఇన్ ఛార్జ్ ఆఫ్ మి’ అని రాస్తే, మాస్టారు “అయితే నీకు జీతమిచ్చేది గోడౌనా నాయనా?” అన్నారు. “ఏటి సార్, అది ఇచ్చినా బాగుణ్ను” అన్నాడు వాడు.

ఇక చివాట్లు. లాఠీఛార్జికీ బరువుకీ ఏమిటి సంబంధమని అడిగితే “అది మరోసారి” అని దాటేశారు, ఆ మరోసారి రాలేదు. తుపాకీలో మందు కూరడాన్ని కూడా ఛార్జ్ అంటారు, దాడి అర్థం బహుశా అటునుంచి వచ్చి ఉండొచ్చని నిఘంటువులో నేనే చూసుకున్నాను. అంతకంటే పెద్ద లోటు మాట్లాడించకపోవడం. పేరు స్పోకెన్ ఇంగ్లిష్, మాట్లాడేది మాత్రం ముప్పావు వంతు మాస్టారే. ఆయన చెబుతుంటే వినబుద్ధేస్తుంది, అదే చిక్కు. ముందు బెంచీలో ధైర్యమున్న ఇద్దరు ముగ్గురికి తప్ప నోరు తెరిచే వంతు రాదు. ఇంటర్వ్యూ దగ్గరపడి టెన్షన్ పడుతున్న పిల్లలకు ఇది సరిపోదు, వాళ్లు వేరేచోట చూసుకోవాలి. స్టడీ మెటీరియల్ అని ఇచ్చే స్పైరల్ పుస్తకం పాత జెరాక్స్‌కి జెరాక్స్. కొన్ని పేజీల్లో అక్షరాలు అలుక్కుపోయాయి. దానికి విడిగా 300 తీసుకోవడం నాకు నచ్చలేదు. ఏసీ ఉంది గానీ, మే నెలలో మన విశాఖ ఉక్కపోతకు అది చాలదు. కిటికీ పక్కన కూర్చుంటే కింద ఆటోల హారన్లు.

ఫీజు 4,500, రెండు విడతల్లో కట్టొచ్చు. రసీదు అడిగితేనే ఇస్తారు, అడగండి. మొదటి క్లాసు డబ్బు కట్టకుండా కూర్చోనిస్తారు. ఆఫీసు మెయిళ్లు రాసేవాళ్లు, పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే టీచర్లు కళ్లు మూసుకుని చేరొచ్చు. ఏడు గంటల బ్యాచే తీసుకోండి. ఆరు గంటలది పూర్తిగా కాలేజీ పిల్లలతో నిండిపోతుంది, పైగా ఆ వేళకు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే సగం క్లాసు పోయినట్టే.