జేబులో పట్టే కెమెరా, ఆరేళ్ల తరువాత

2018లో ఈ కెమెరా కొన్న నాటి నుండి, ప్రయాణాలకు దీన్ని మించినది లేదని కనీసం పది మందికి చెప్పి ఉంటాను. వారిలో ముగ్గురు నా మాట మీద కొన్నారు కూడా. ఆ ముగ్గురికీ నేను ఒక సంజాయిషీ బాకీ ఉన్నాను. బొమ్మను పట్టే అంగుళం సెన్సారు, 24 నుండి 70 మిల్లీమీటర్ల దాకా జూము, ఆపగానే లోపలికి ముడుచుకుపోయే లెన్సు అంటే ఇది ఏ తరగతి కెమెరానో తెలిసిపోతుంది కనుక మిగిలిన వివరాలు వదిలేస్తున్నాను. నేను చెప్పదలచుకున్నదంతా ఆ ముడుచుకుపోయే లెన్సు గురించే.

అంతకుముందు నా దగ్గర రెండు లెన్సులతో ఒక ఎస్ఎల్ఆర్, అంటే లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా, ఉండేది. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం, గుడి ముందు చెప్పులతో పాటు దానికీ కాపలా వెతుక్కోవడం, ఇంట్లోవాళ్లు ముందుకు నడిచిపోతుంటే సంచి జిప్పు లాగుతూ వెనకబడటం, ఇవన్నీ పడ్డవాణ్ణి కనుక, ప్యాంటు జేబులో నుండి తీసి, ఫోటో తీసి, మళ్లీ జేబులో వేసుకోగలగడమే నాకు వరంలా తోచింది.

ఆ వరం విలువ లేపాక్షిలో బాగా తెలిసింది. వీరభద్రాలయానికి వచ్చేవారిలో చాలామంది వేలాడే స్తంభం దగ్గర మూగి, దాని కింద నుండి కండువా లాగి చూసుకుని, తల పైకెత్తకుండానే వెళ్లిపోతారు. నాట్యమండపం కప్పు నిండా విజయనగర కాలపు చిత్రాలు, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, పార్వతీ కల్యాణం, పట్టీలు పట్టీలుగా సాగిపోతుంటాయి. అక్కడ వెలుతురు చాలదు. పురావస్తు శాఖ కట్టడాల్లో అనుమతి లేనిదే ట్రైపాడ్ పెట్టనివ్వరు. ఆ రంగుల మీద ఫ్లాష్ వేయడానికి మనసొప్పదు. మెడ పట్టేసేదాకా చేత్తో తీసినవన్నీ అలికినట్టు వచ్చాక, విసుగెత్తి కెమెరాను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పది సెకన్ల టైమరు పెట్టి పక్కకు తప్పుకున్నాను. వీపు చదునుగా ఉండటం వలన అది కదలకుండా, సెకను పాటు నింపాదిగా పైకి చూసింది. ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూస్తే, ఆ చిత్రాల్లోని స్త్రీల చీరల మీది గళ్లు, అంచులు ఒక్క నల్లని గీతైనా చెదరకుండా కనిపించాయి. మధ్యలో ఒక ఫోటోలో మాత్రం కప్పుకు బదులు ఒక పాప గడ్డం, రెండు ముక్కుపుటాలు ఉన్నాయి. ఎవరో పారేసుకున్నారనుకుని తెచ్చి నా చేతికిచ్చిన పిల్ల అది. ఇన్నేళ్లలో నాకు బాగా నచ్చిన ఫోటోల్లో అదీ ఒకటి.

తరువాత 2022 జనవరిలో గండికోట వెళ్లాము. జమ్మలమడుగు నుండి పొద్దున్నే బయలుదేరి, ఎర్రరాతి గోడల నడుమ పెన్నా వంపు తిరిగే చోటికి ఎండ పడేవేళకు చేరుకుని, కాళ్ల దగ్గరి బండ నుండి అవతలి గట్టు దాకా అంతా స్పష్టంగా రావాలని అపర్చరును, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 11 దాకా (ఆ అంకె పెరిగేకొద్దీ రంధ్రం సన్నబడుతుంది) మూసి వరసగా తీశాను. మొదటి ఫోటోలో కుడివైపు ఆకాశంలో ఒక నల్లని చుక్క కనిపించింది. గద్ద అనుకున్నాను. రెండో ఫోటోలోనూ ఆ గద్ద అక్కడే ఉంది. కెమెరాను నిలువుగా తిప్పి తీస్తే అదీ నాతో పాటు తిరిగి, బండ మీద వాలింది.

సెన్సారు మీద దుమ్ము పడిందన్నమాట. అపర్చరు బాగా తెరిచి ఉన్నప్పుడు వెలుగు అన్ని వైపుల నుండీ వచ్చి ఆ నలుసు నీడను కరిగించేస్తుంది కనుక, లేపాక్షి వంటి చీకటి చోట్ల అది ఉన్నా తెలియదు. సన్నని రంధ్రం గుండా వెలుగు వచ్చినప్పుడే నీడ గట్టిపడి మచ్చగా తేలుతుంది. పైగా అంగుళం సెన్సారు అన్నది పేరుకే గాని, కొలిస్తే 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు. అంత చిన్నదాని మీద నలుసు కూడా గద్దంత అవుతుంది. ఇందులో నా తప్పూ ఉంది. ఇంత చిన్న సెన్సారుకు ఎఫ్ 5.6 దగ్గరే దగ్గరిదీ దూరందీ చాలావరకు స్పష్టంగా వస్తాయి. ఎఫ్ 11 దాకా పోతే వివర్తనం వలన, అంటే సన్నని రంధ్రం అంచుల దగ్గర వెలుగు చెదరడం వలన, బొమ్మ కొంత మెత్తబడుతుంది కూడా. పాత ఎస్ఎల్ఆర్ అలవాటు వేళ్లను వదలలేదు.

లెన్సు ఊడదీసే కెమెరా అయితే రబ్బరు బుడ్డితో ఊది దులుపుకోవచ్చు. దీనికి ఆ దారి లేదు. సర్వీసు సెంటరులో గ్యారంటీ గడువు అయిపోయిందని, లెన్సు భాగమంతా మార్చాలని, కొన్న ధరలో దాదాపు సగం అవుతుందని చెప్పారు. ఒక్క నలుసుకు సగం ధర! చివరికి హైదరాబాదు కోఠిలో, చిన్న దుకాణంలో కెమెరాలు విప్పే ఒకాయన దగ్గర కూర్చున్నాను. అయస్కాంతపు పలక మీద ఒక్కొక్క మరనూ విప్పిన వరసలోనే పేర్చి, లెన్సును పక్కకు తప్పించి, పట్టకారుతో ఒక పోగును పైకెత్తి వెలుగులో చూపించాడు. కనురెప్ప వెంట్రుకంత కూడా లేదు. నీలం రంగు.

"సార్, ఇది మీ జీన్స్ ప్యాంటుదే. జేబులో వేస్తారు కదా?"

లెన్సు బయటకు సాగిన ప్రతిసారీ లోపల ఖాళీ పెరిగి, చుట్టూ ఉన్న గాలిని, గాలితో పాటు జేబులోని నూగును పీల్చుకుంటుందని, దాన్ని ఆపడానికి ఇటువంటి కెమెరాలో సీలు ఏదీ ఉండదని ఆయన వివరించాడు. జేబులో పెట్టుకోవచ్చు అన్న ఒక్క గుణం చూసి కొన్నాను. జేబే దాన్ని చెడగొట్టింది. కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో ఆ హెచ్చరిక ఒక్క వాక్యం ఉన్నా నాకింత కోపం వచ్చేది కాదు. లేపాక్షిలో లెన్సు ఆకాశం వైపు పెట్టి గంటసేపు నేల మీద పడుకోబెట్టిన తెలివితేటల మీద కూడా ఇప్పుడు నాకు అంత నమ్మకం లేదు.

శుభ్రం చేయించిన ఏడాదిన్నరకు మరో మచ్చ వచ్చింది, ఈసారి ఎడమ మూలన. దాన్ని తీయించలేదు. ఎఫ్ 4 దాటకుండా తీస్తున్నాను, ఆకాశం ఎక్కువగా ఉన్న ఫోటోలను కంప్యూటరులో సరిచేసుకుంటున్నాను. సంచి మోయలేని నడుము, గుళ్ల కప్పుల మీది బొమ్మల పిచ్చి నాలాగే ఉన్నవారికైతే ఇప్పటికీ దీన్నే కొనమంటానేమో. ఎడారులకూ సముద్రపు ఒడ్డులకూ ఎక్కువగా తిరిగేవారికి మాత్రం చెప్పలేను.

మా వీధి దర్జీ చేత, నూగు రాలదని, చిరిగిన గొడుగు గుడ్డతో దీనికి ఒక తొడుగు కుట్టించాను. తొడుగులో ఉన్న కెమెరా జేబులో పట్టదు. దాన్ని భుజానికి తగిలించుకుని, మూతి ముడి విప్పి బయటకు తీసేలోగా మా అమ్మాయి ఫోనుతో రెండు ఫోటోలు తీసి మా చుట్టాలందరికీ పంపించేస్తోంది.