మడత వేదిక: నాలుగేళ్లు వాడిన తరువాత

వినాయక చవితి పందిళ్ల దగ్గర, బోనాల రోజుల్లో బస్తీల్లో నాటికలు వేసే మేము ఐదుగురు మిత్రులం, ప్రతిసారీ బల్లలు అద్దెకు తెచ్చి తాళ్లతో కట్టుకునే అవస్థ పడలేక, నాలుగేళ్ల కిందట ట్రాలీ మీద మడిచి తీసుకెళ్లే ఈ వేదికను సొంతంగా తయారు చేసుకున్నాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరు కూడా మోటారు వాహనమే కనుక, కొత్త చట్రం జోలికి పోకుండా రిజిస్ట్రేషన్ ఉన్న పాత ట్రాక్టరు ట్రాలీని కొని, తొట్టి విప్పించి, మార్పునకు అనుమతి తీసుకుని, హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక వెల్డింగు షాపులో ఆదివారాలు పని చేయించాం.

నడుమ భాగం 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. ఇరువైపులా 4 అడుగుల రెక్కలు ప్రయాణంలో గోడల్లా నిలబడి ఉంటాయి. దించితే వేదిక వెడల్పు 14 అడుగులవుతుంది. 40 మిల్లీమీటర్ల చదరపు గొట్టాల మీద 18 మిల్లీమీటర్ల షట్టరింగ్ ప్లైవుడ్ బిగించేసరికి ఒక్కో రెక్క 80 కిలోలు తూగింది. ఆ లెక్క వెల్డింగుకు ముందే కాగితం మీద వేసుకోవలసింది. రెక్కను దించడానికి, ఎత్తడానికి పిడి తిప్పి తీగతాడు చుట్టే యంత్రం వించి. మొదట రాణిగంజ్‌లో కొన్న సాదా వించికి బ్రేకు లేదు. రెక్క నేలకు సమాంతరంగా వచ్చేకొద్దీ తీగతాడు మీద బరువు పెరుగుతుంది; సరిగ్గా అక్కడే పిడి చెయ్యి జారి గిర్రున తిరిగి, మా వాడి మణికట్టును వాయగొట్టింది. మర్నాడే బ్రేకు ఉన్న వించి బిగించాం. దాని పిడి నడుమలో వదిలేసినా రెక్క ఉన్నచోటే ఆగుతుంది.

మరో తప్పు ఇంకా నవ్వు తెప్పిస్తుంది. రెండు చక్రాల ట్రాలీ అన్న సంగతి మరచి, వెనక జాకీలు దించకముందే ట్రాక్టరును విడదీసి నలుగురం వెనకవైపు ఎక్కాం. ముందు కొక్కెం ఆకాశంలోకి లేచింది. ఇప్పుడు నాలుగు జాకీలూ దిగి, రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా ఎవరూ కాలు మోపరు. మన వీధుల వాలుకు జాకీ ఎత్తు ఒక్కటే చాలదు, చెక్క దిమ్మలు వెంట ఉండాలి.

నటులుగా మమ్మల్ని బాగా వేధించింది చప్పుడు. కింద డొల్ల కావడంతో ప్రతి అడుగూ డప్పు మోగినట్టు మైకులో వినిపించేది. రబ్బరు చాప పరిచి పైన జంపఖానా వేశాక సగం తగ్గింది. అదే చాప మడత బందుల దగ్గరి సందునూ కప్పింది. అంతకుముందు ద్రౌపది చీర కుచ్చిళ్లు అందులో ఇరుక్కుని, దుశ్శాసనుడి ప్రవేశానికి ముందే ఆమె ఆగిపోయింది!

ప్లైవుడ్ కోసిన అంచులకు రంగు వేయకపోవడం వల్ల రెండో వానాకాలానికే అవి ఉబ్బి పొరలు విడిపోయాయి. రెండు పలకలు మార్చాం. గొట్టాలకు రెడ్ ఆక్సైడ్ పూసినా, కింద రంధ్రాలు పెట్టనందున లోపల నీరు నిలిచి ఒకచోట తుప్పు పట్టింది.

అయినా నలుగురం ఉంటే అరగంటలో వేదిక సిద్ధమవుతుంది; బల్లలతో రెండు గంటలు పట్టేది. పైకప్పు కూడా మడిచేలా చేద్దామని ఒక మిత్రుడు ఇప్పటికీ పట్టుబడుతున్నాడు. ముందు ఎడమ రెక్క బందులో అరిగిన కడ్డీ మార్పిద్దామని నేనంటున్నాను.