ఎంఐటీనా, ఎల్‌జీపీఎల్లా?

గుంటూరు మిర్చి యార్డు బిల్లుల్లో మొత్తాన్ని 'రెండు లక్షల పదిహేడు వేలు' అని అక్షరాల్లో రాసిపెట్టే చిన్న లైబ్రరీ (వేరే ప్రోగ్రాముల్లో కలుపుకుని వాడే కోడ్) మీ దగ్గర ఉందనుకుందాం. దాన్ని అందరూ వాడుకునేలా ఏ ఓపెన్ సోర్స్ లైసెన్సుతో బయటపెట్టాలి, ఎంఐటీతోనా, ఎల్‌జీపీఎల్‌తోనా?

ఎంఐటీ ఒక పేజీ కూడా ఉండదు. కాపీరైట్ వాక్యం, లైసెన్సు పాఠం తీసేయకుండా ఉంచితే చాలు. విజయవాడలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ మీ కోడ్ వాడుకుని, మార్చుకుని, అంతా గుట్టుగా ఉంచుకోవచ్చు.

ఎల్‌జీపీఎల్ పేచీ అక్కడే. వాళ్ల సొంత కోడ్ జోలికి రాదు గానీ, మీ లైబ్రరీని మార్చి కస్టమర్లకు ఇస్తే ఆ మార్పుల సోర్సు కోడ్ కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఇవ్వాల్సింది కస్టమర్లకే, మీకు కాదు (చాలామంది ఇది మర్చిపోతారు). సొంత సర్వర్‌లోనే నడుపుకుంటే ఆ బాధ్యతా లేదు. పైగా లైబ్రరీని వేరే వెర్షన్‌తో మార్చుకునే వీలు కస్టమర్‌కి ఉండాలి. జావాస్క్రిప్ట్ కోడ్ మొత్తాన్ని ఒకే ఫైల్లో కుక్కే ప్రాజెక్టుల్లో లైబ్రరీని విడిగా మార్చడం కష్టం కాబట్టి అదో తలనొప్పి.

ఇంత చిన్న కోడ్‌కి నా ఓటు ఎంఐటీకే. పేటెంట్ల టెన్షన్ ఉంటే 2004లో వచ్చిన అపాచీ 2.0 లైసెన్సు చూడండి. అందులో పేటెంట్ అనుమతి స్పష్టంగా రాసి ఉంటుంది, ఎంఐటీలో ఆ ఊసే లేదు. ఏ లైసెన్సూ పెట్టకుండా మాత్రం వదిలేయకండి. అప్పుడు హక్కులన్నీ మీ దగ్గరే ఉండిపోయి, కంపెనీలు ఆ కోడ్‌ని ముట్టుకోవు.